మెదడులో గ్లుటమేట్ ఎంత? ఎక్కడ, ఎంత వేగంగా కొలిచామన్నదాన్ని బట్టి

ఒక గ్రాము మెదడు కణజాలాన్ని మెత్తగా చేసి కొలిస్తే నాడీకణాలను ఉత్తేజపరిచే సంకేత అణువు గ్లుటమేట్ సుమారు 10 మైక్రోమోల్‌లు దొరుకుతుంది. అదే మెదడులోకి సన్నని మైక్రోడయాలిసిస్ గొట్టం దించి, కణాల మధ్య ఉండే ద్రవాన్ని పరీక్షిస్తే 1 నుంచి 5 మైక్రోమోలార్ దాకా కనిపిస్తుంది. నాడీకణం మీది గ్రాహకాలనే (సంకేత అణువును పట్టే ప్రొటీన్లనే) కొలమానంగా వాడి 2007లో హర్మన్, జార్ వేసిన లెక్క ప్రకారం ఆ ద్రవంలో ఉన్నది 25 నానోమోలార్ మాత్రమే. ఇక సంకేతం వెలువడిన క్షణంలో సినాప్స్ (రెండు నాడీకణాలు కలిసే చోటు) సందులో చూస్తే, ఒకటి రెండు మిల్లీసెకన్ల సేపు దాదాపు 1 మిల్లీమోలార్‌కు చేరుతుంది. ఈ నాలుగు అంకెల్లో ఏదీ అబద్ధం కాదు, అలాగని ఒకదాని చోట మరొకటి పనికి రాదు.

అందుకే ఏ పద్ధతి సున్నితమైనదని అడిగే ముందు, మనకు కావలసిన గ్లుటమేట్ ఏ గదిలో (కణం లోపలా, కణాల మధ్య ద్రవంలోనా, సినాప్స్ సందులోనా) ఉందో, ఎంతసేపు ఉంటుందో తేల్చుకోవాలి. ఇక్కడ చూడబోయే ఫ్లోరోసెన్స్ పద్ధతులన్నీ (ఒక రంగు కాంతి వేస్తే అణువు మరో రంగులో మెరవడాన్ని కొలిచేవి) కాంతినే చదువుతాయి గాని, వాటి సమయ పరిధులు మిల్లీసెకన్ల నుంచి అరగంట వరకు ఉంటాయి. ఈ రంగంలోని తగాదాల్లో చాలా వాటికి మూలం పరికరం కాదు, ఒక గదిలో తీసిన అంకెను ఇంకో గదికి అంటగట్టడం.

సంకేతం మోసే నాలుగు అణువులు

గ్లుటమేట్ మొదట రుచి ద్వారా పేరు తెచ్చుకుంది. 1908లో కికునే ఇకెడా దాన్ని సముద్రపు నాచు నుంచి వేరు చేశాడు. 1954లో తకాషి హయాషి కుక్కల మెదడు పొరలోకి గ్లుటమేట్ ఎక్కించి మూర్ఛలు రావడం గమనించాడు. 1959లో కర్టిస్, ఫిలిస్, వాట్కిన్స్ వెన్నుపాము నాడీకణాలను అది ఉత్తేజపరుస్తుందని చూపించారు. అయినా దాన్ని నాడీ సంకేతవాహకంగా ఒప్పుకోవడానికి మరెన్నో ఏళ్లు పట్టింది. ప్రతి ప్రొటీన్‌లోనూ ఉండేది, ప్రతి కణంలోనూ పుట్టేది, తగిలిన ప్రతి నాడీకణాన్నీ రెచ్చగొట్టేది ప్రత్యేకమైన సంకేతం ఎలా అవుతుందన్నది నాటి సందేహం. సందేహం సహేతుకమే. జవాబు గాఢతల తేడాలో ఉంది: కణం లోపల మిల్లీమోలార్‌లలో, సంకేతపు సంచుల్లో దాదాపు 100 మిల్లీమోలార్, బయట నానోమోలార్‌లు. బయట ఇంత తక్కువ ఉండబట్టే, ఒక సంచి నుంచి విడుదలైన కొన్ని వేల అణువులు కూడా స్పష్టమైన సంకేతమవుతాయి.

ఆ తేడాను నిలబెట్టడానికి మెదడు పెద్ద ఖర్చే పెడుతుంది. అసిటైల్‌కోలిన్‌ను సందులోనే ఎంజైమ్ ముక్కలు చేస్తుంది. గ్లుటమేట్‌కు బయట అలాంటి ఎంజైమ్ లేదు. దాన్ని లోపలికి లాక్కోవడమే దారి. ఎక్కువ భాగం ఆస్ట్రోసైట్‌ల (నాడీకణాలకు తోడుండే సహాయక కణాల) పొర మీది వాహక ప్రొటీన్లే లాగుతాయి. ఒక గ్లుటమేట్‌తో పాటు మూడు సోడియం అయాన్లు, ఒక ప్రోటాన్ లోపలికి వెళ్తాయి, ఒక పొటాషియం అయాన్ బయటికి వస్తుంది. ఆస్ట్రోసైట్ దాన్ని గ్లుటమైన్‌గా మారుస్తుంది. గ్లుటమైన్ గ్రాహకాలను తాకదు కాబట్టి నిశ్చింతగా బయటికి పంపవచ్చు. నాడీకణం దాన్ని తీసుకుని మళ్లీ గ్లుటమేట్ చేసుకుంటుంది. రక్తప్రసరణ ఆగి శక్తి అందకపోతే సోడియం తేడా కూలిపోతుంది, వాహకాలు తిరగబడి గ్లుటమేట్‌ను బయటికి కక్కుతాయి. అతిగా ఉత్తేజితమైన కణాలు ఎలా చనిపోతాయో 1969లో జాన్ ఓల్నీ వివరించినది ఇటువంటి నష్టమే.

నాడీకణాలను నిరోధించే సంకేత అణువు గాబా కథ సూటిగా ఉంటుంది. గ్లుటమేట్ నుంచి ఒక కార్బాక్సిల్ సమూహం తీసేస్తే గాబా: ఉత్తేజకం నుంచి నిరోధకానికి ఒక్క రసాయన చర్య దూరం. ఆ పని చేసే గ్లుటమేట్ డీకార్బాక్సిలేజ్‌కు విటమిన్ బీ6 నుంచి వచ్చే సహాయక అణువు కావాలి. పసిపిల్లల్లో బీ6 లోపిస్తే మూర్ఛలు రావడానికి కారణం ఇదే. వెన్నుపాము, మెదడు కాండంలో గ్లైసీన్ నిరోధక సంకేతం. స్ట్రిక్నిన్ దాని గ్రాహకాన్ని మూస్తుంది, ధనుర్వాతపు విషం దాని విడుదలనే ఆపుతుంది. రెండింటిలోనూ కండరాలు బిగుసుకుపోతాయి. అదే గ్లైసీన్, దానితో పాటు డి-సెరీన్, ఎన్‌ఎండీఏ గ్రాహకం (గ్లుటమేట్ గ్రాహకాల్లో ఒక రకం) దగ్గర ఉత్తేజకానికి తోడు నిలుస్తాయి. ఈ రెండింటిలో ఒకటి కూర్చోకపోతే గ్లుటమేట్ ఒక్కటే ఆ గ్రాహకాన్ని తెరవలేదు.

మెరవని అణువును మెరిపించడం

ట్రిప్టోఫాన్, టైరోసిన్, ఫినైల్‌అలనిన్ తప్ప ప్రొటీన్లలోని అమైనో ఆమ్లాలకు సొంత మెరుపు లేదు. గ్లుటమేట్, గాబా, గ్లైసీన్, డి-సెరీన్ నాలుగూ ఈ విషయంలో చీకటి అణువులే. కాబట్టి వాటి అమైనో సమూహానికి మెరిసే భాగాన్ని అతికించి, హెచ్‌పీఎల్‌సీ (ద్రవాన్ని పీడనంతో పంపి అణువులను విడదీసే పరికరం) స్తంభంలో ఒక్కొక్కటిగా వేరు చేసి చదవాలి. ఈ పనికి ఎక్కువగా వాడేది ఆర్థో-థాలాల్డిహైడ్, వాడుకలో ఓపీఏ. 1971లో రాత్ ఈ చర్యను అమైనో ఆమ్లాల కొలతకు ప్రవేశపెట్టాడు. ఓపీఏ, ఒక థయాల్ (గంధకం ఉన్న సహాయక రసాయనం), ఒక ప్రాథమిక అమైన్ (అమైనో సమూహం ఉన్న అణువు) కలిస్తే ఐసోఇండోల్ తయారవుతుంది. దాన్ని 340 నానోమీటర్ల కాంతితో వెలిగిస్తే 450 నానోమీటర్ల దగ్గర మెరుస్తుంది. ఓపీఏకు తనంత తానుగా మెరుపు లేకపోవడం దీని పెద్ద సౌలభ్యం. మిగిలిపోయిన కారకాన్ని తీసెయ్యాల్సిన పని లేదు.

కారకం తయారీకి 27 మిల్లీగ్రాముల ఓపీఏను 1 మిల్లీలీటరు మిథనాల్‌లో కరిగించి, 9 మిల్లీలీటర్ల 0.1 మోలార్ సోడియం టెట్రాబోరేట్ బఫర్‌లో కలపాలి, పీహెచ్ 9.5 దగ్గర ఉండాలి. ఇందులో ఓపీఏ 20 మిల్లీమోలార్ అవుతుంది. మెర్కాప్టోఇథనాల్ 50 మైక్రోలీటర్లు వేస్తే థయాల్ సుమారు 70 మిల్లీమోలార్‌గా ఉంటుంది. థయాల్ తక్కువై ఓపీఏ మిగిలితే, ఆ మిగులే తయారైన ఐసోఇండోల్‌ను మళ్లీ పాడు చేస్తుంది. మూడు రెట్లు థయాల్ ఉంచడానికి కారణం ఇది. కారకాన్ని గోధుమరంగు సీసాలో, చలిలో ఉంచాలి. థయాల్ గాలికి ఆక్సీకరణ చెందుతుంది గనక రెండు మూడు రోజులకోసారి కొద్దిగా చేర్చడం రివాజు. వాసన తెలిసిన వారెవరైనా ఆ పని ఫ్యూమ్ హుడ్‌లోనే చేస్తారు.

చర్య గది ఉష్ణోగ్రతలోనే ఒకటి రెండు నిమిషాల్లో పూర్తవుతుంది. చిక్కంతా ఆ తర్వాతే. మెర్కాప్టోఇథనాల్‌తో తయారైన ఐసోఇండోల్‌లు నిలకడ లేనివి. అమైనో సమూహం పక్కన శాఖ లేని కార్బన్ ఉన్న గ్లైసీన్, గాబాల ఉత్పన్నాలు మరీ త్వరగా క్షీణిస్తాయి. మెదడు పరిశోధనకు ముఖ్యమైన వాటిలో రెండు ఇవే కావడం దురదృష్టం. ఒక నమూనాను రెండో నిమిషంలో, మరోదాన్ని ఎనిమిదో నిమిషంలో ఎక్కిస్తే గాబా తగ్గినట్టు కనిపిస్తుంది. తగ్గింది మెదడులో కాదు, సీసాలో. అందుకే కలపడం, ఆగడం, ఎక్కించడం మూడూ ఆటోశాంప్లర్‌కే అప్పగించాలి. చేత్తో చేయక తప్పదంటే గడియారం పెట్టుకుని, ప్రతి నమూనాకూ ఒకే వ్యవధి పాటించాలి. టెర్ట్-బ్యూటైల్ థయాల్ లేదా ఎన్-అసిటైల్ సిస్టీన్ వాడితే నిలకడ పెరుగుతుంది.

థయాల్‌గా 3-మెర్కాప్టోప్రొపియోనిక్ ఆమ్లాన్ని వాడే ప్రయోగశాలలూ ఉన్నాయి. తమాషా ఏమిటంటే, ఆ అణువే గ్లుటమేట్ డీకార్బాక్సిలేజ్‌ను అడ్డుకుంటుంది. జంతువుకు ఎక్కిస్తే గాబా తగ్గి మూర్ఛలొస్తాయి. గాబాను కొలిచే కారకంలో ఒక భాగం గాబా తయారీని ఆపే మందు అన్నమాట. కారకం సీసాలోకి వెళ్లేది ఎంజైమ్ లేని నమూనా కాబట్టి కొలతకు ఇబ్బంది లేదు, కానీ చేతికి తగలనివ్వకూడదు.

కారకానికి ముందే జరిగే పొరపాట్లు

మొదటిది ఆమ్లం. ప్రొటీన్లను దించెయ్యడానికి కణజాలాన్ని 0.1 నుంచి 0.4 మోలార్ పెర్క్లోరిక్ ఆమ్లంలో మెత్తగా చేస్తారు. ఆ ద్రవాన్ని తటస్థం చేయకుండా ఓపీఏలో కలిపితే బఫర్ తట్టుకోలేక పీహెచ్ పడిపోతుంది, చర్య సగంలో ఆగుతుంది. అన్ని పీక్‌లూ (గీత మీద ఒక్కో అణువుకు లేచే శిఖరాలు) కలిసికట్టుగా చిన్నవైతే ముందుగా పీహెచ్ కాగితం ముంచి చూడాలి. ప్రతి నమూనాలోనూ తెలిసినంత పరిమాణంలో ముందే కలిపే నార్‌వాలిన్ వంటి అంతర్గత ప్రమాణం ఈ లోపాన్ని పట్టిస్తుంది: అది కూడా తగ్గితే తప్పు చర్యలోనో, ఎక్కించిన పరిమాణంలోనో ఉంటుంది, అది నిలకడగా ఉండి గ్లుటమేట్ ఒక్కటే తగ్గితే నమూనాలో నిజంగా ఏదో జరిగినట్టు.

రెండోది గ్లుటమైన్. కణాల మధ్య ద్రవంలో అది సుమారు 400 మైక్రోమోలార్ ఉంటుంది. డయాలిసిస్ లెక్కలో గ్లుటమేట్ 2 మైక్రోమోలార్ అనుకుంటే, గ్లుటమైన్‌లో అర శాతం విడిపోయి గ్లుటమేట్‌గా మారినా ఆ కొలత రెట్టింపవుతుంది. నమూనాను ఆమ్లంలో వెచ్చగా వదిలెయ్యకూడదనడానికి ఇంతకంటే లెక్క అక్కర్లేదు. తటస్థ ద్రావణంలో గ్లుటమైన్ మరో దారి పడుతుంది: తనలో తనే చుట్టుకుని పైరోగ్లుటమేట్ అవుతుంది. దానికి ప్రాథమిక అమైన్ లేదు, ఓపీఏకు అది కనబడదు. అందుకే పాత గ్లుటమైన్ ప్రమాణ ద్రావణం ఎప్పుడూ తక్కువ చూపిస్తుంది. ఏ రోజుది ఆ రోజు చేసుకోవాలి.

మూడోది వేళ్లు. కణజాలం ఏదీ లేని ఖాళీ నమూనాలో గ్లైసీన్, సెరీన్ పీక్‌లు తేలాయంటే చర్మం నుంచి వచ్చాయని అనుమానించాలి. పిపెట్ చివరలను చేతి తొడుగు లేకుండా ముట్టుకున్నా చాలు. ఖాళీ నమూనాలో ఎంత కనిపిస్తే, అసలు నమూనాలో దానికి కనీసం మూడింతలైనా లేని గ్లైసీన్ అంకెను నమ్మకపోవడమే మంచిది.

కణజాలం తీసే తీరు వీటన్నిటికంటే ముఖ్యం. ప్రాణం పోయాక కూడా గ్లుటమేట్ డీకార్బాక్సిలేజ్ పని ఆపదు; గాబాను విరిచే మార్గం మాత్రం ఆగుతుంది. దాంతో మొదటి కొన్ని నిమిషాల్లోనే గాబా పెరుగుతుంది. ప్రయోగ జంతువుల్లో తలను మైక్రోవేవ్ కిరణాలతో క్షణంలో వేడి చేసి ఎంజైమ్‌లను ఆపడం, లేదా ద్రవ నత్రజనిలో గడ్డ కట్టించడం ఇందుకే. రెండు సమూహాల మధ్య కోత వ్యవధిలో రెండు నిమిషాల తేడా ఉంటే, ఆ తేడానే మందు ప్రభావంగా ప్రచురితమయ్యే ప్రమాదం ఉంది.

మైక్రోడయాలిసిస్: గొట్టం చుట్టూ ఏం జరుగుతుంది

సజీవ మెదడు నుంచి నమూనా తీయడానికి 0.2 నుంచి 0.5 మిల్లీమీటర్ల మందం ఉన్న గొట్టాన్ని దించి, కృత్రిమ మెదడు ద్రవాన్ని నిమిషానికి 1 మైక్రోలీటర్ చొప్పున పంపుతారు. చివరన ఉన్న పొర గుండా చిన్న అణువులు లోపలికి వస్తాయి. 10 నుంచి 20 నిమిషాలు పోగు చేస్తే ఒక నమూనా. బయట ఉన్న గాఢతలో ఎంతో కొంత భాగమే లోపలికి వస్తుంది. ప్రవాహం పెంచితే ఆ భాగం ఇంకా తగ్గుతుంది. అసలు గాఢత కావాలంటే గొట్టంలోకి పంపే ద్రవంలోనే 0, 1, 2.5, 5, 10 మైక్రోమోలార్ గ్లుటమేట్ కలిపి వరుసగా పంపి, వెళ్లిన దానికీ వచ్చిన దానికీ తేడా సున్నా అయ్యే బిందువు గీత మీద చూడాలి.

ఆ బిందువు కూడా గొట్టం చుట్టూ ఉన్న గాఢతనే చెబుతుంది. సినాప్స్ సందు వెడల్పు 20 నానోమీటర్లు. గొట్టం దానికి పది వేల రెట్ల పైనే. దారిలో కణాలు చితికిపోతాయి, మిగిలిన ఆస్ట్రోసైట్‌లకు గ్లుటమేట్‌ను లోపలికి లాక్కునే శక్తి తగ్గుతుంది. మైక్రోమోలార్ అంకెలకూ 25 నానోమోలార్‌కూ మధ్య ఉన్న వంద రెట్ల తేడాకు ఈ గాయపు పొరే సరైన వివరణగా తోస్తుంది. ఎన్‌ఎండీఏ గ్రాహకాలను సగం వరకు పని చేయించడానికి 2 మైక్రోమోలార్ల గ్లుటమేట్ చాలు. నిజంగా కణాల మధ్య ఎప్పుడూ అంత ఉంటే ఆ గ్రాహకాలు సంకేతం కోసం ఎదురుచూసే స్థితిలోనే ఉండవు.

దీనికి ఒక పరీక్ష ఉంది. గొట్టం ద్వారా టెట్రోడోటాక్సిన్ పంపి నాడీ స్పందనలను ఆపండి, లేదా కాల్షియం తీసేయండి. సినాప్స్ నుంచి వచ్చినదైతే పీక్ పడిపోవాలి. స్థిరస్థితి (సంకేతం లేనప్పుడూ ఉండే) గ్లుటమేట్ చాలాసార్లు పడిపోదు. అంటే అది ఎక్కువగా వేరే దారిన వచ్చినదే. గాబా పీక్ పడిపోకపోతే మరో అనుమానం కూడా పెట్టుకోవాలి. డయాలిసేట్‌లో (గొట్టం నుంచి పోగైన ద్రవంలో) గాబా నానోమోలార్‌లలో ఉంటుంది. పక్కన పెద్ద పీక్‌లున్న చోట వేరే అమైన్ ఏదో గాబా స్థానంలోనే దిగి ఉండవచ్చు. స్తంభాన్నో, ద్రావణపు పీహెచ్‌నో మార్చి మళ్లీ నడిపి చూడందే అది గాబా అనకూడదు.

తక్కువ గాఢతలకు ఓపీఏ బదులు ఎన్‌డీఏ అనే కారకం మేలు. నాఫ్తలీన్ డైఆల్డిహైడ్, సయనైడ్ కలిసి అమైన్‌తో స్థిరమైన ఉత్పన్నాన్నిస్తాయి. 420 నుంచి 440 నానోమీటర్లతో వెలిగిస్తే 490 దగ్గర మెరుస్తుంది. హీలియం-కాడ్మియం లేజర్ 442 నానోమీటర్ల గీత దీనికి చక్కగా సరిపోతుంది. కేశనాళిక ఎలక్ట్రోఫోరిసిస్‌తో (సన్నని గొట్టంలో విద్యుత్తుతో అణువులను విడదీయడంతో) జోడిస్తే నమూనాల మధ్య దూరం నిమిషాల నుంచి సెకన్లకు దిగుతుంది. సయనైడ్ ఉన్న పాత్రలో ఆమ్ల నమూనా పడితే హైడ్రోజన్ సయనైడ్ వాయువు లేస్తుంది. తటస్థం చేయడం ఇక్కడ కొలత కోసం కాదు, ప్రాణం కోసం.

మిగతా కారకాల గురించి క్లుప్తంగా: ఎఫ్‌మాక్ క్లోరైడ్ ప్రోలిన్ వంటి ద్వితీయ అమైన్‌లనూ పడుతుంది, కానీ దాని జలవిశ్లేషణ ఉత్పన్నమే మెరుస్తుంది కాబట్టి మిగులును తొలగించాలి. ఫ్లోరెస్కమైన్ సెకన్లలో చర్య జరిపి, సెకన్లలోనే నీటితో నాశనమవుతుంది. అన్ని అమైన్‌ల మొత్తం తెలుసుకోవడానికి సరే, వేరు చేయడానికి అంత అనువు కాదు.

డి-సెరీన్‌కు వేరే ఎత్తు కావాలి. ఎల్-సెరీన్, డి-సెరీన్ కుడి ఎడమ చేతుల్లాంటివి; మామూలు స్తంభం వాటిని విడదీయలేదు. ఓపీఏతో పాటు తానూ కుడి ఎడమ తేడా ఉన్న థయాల్, ఉదాహరణకు ఎన్-ఐసోబ్యూటిరిల్-ఎల్-సిస్టీన్, కలిపితే రెండు వేర్వేరు ధర్మాల ఉత్పన్నాలు వస్తాయి, సాధారణ సీ18 స్తంభం మీదే విడిపోతాయి. 1992లో హషిమోటో బృందం ఎలుక మెదడులో డి-సెరీన్‌ను గుర్తించింది. పీక్ నిజంగా డి-సెరీనేనా అన్నది తేల్చడానికి నమూనాలో సగాన్ని డి-అమైనో ఆమ్ల ఆక్సిడేజ్‌తో ఉంచి మళ్లీ నడపాలి. పీక్ మాయమైతేనే నమ్మాలి. పంది మూత్రపిండం నుంచి తీసే ఎంజైమ్ డి-సెరీన్ మీద మందకొడి. పీక్ సగమే తగ్గితే ఎంజైమ్‌ను తప్పుపట్టాలో, గుర్తింపును తప్పుపట్టాలో తెలియదు, కాబట్టి డి-సెరీన్ ప్రమాణ ద్రావణంతో పక్కపక్కనే నడపాలి. రొడోటొరులా ఈస్ట్ నుంచి వచ్చేది చురుకైనది.

ఎంజైమ్‌తో, విడదీయకుండా

గ్లుటమేట్ ఒక్కటే చాలనుకుంటే స్తంభం అవసరం లేదు. సినాప్టోసోమ్‌ల (మెదడు నుంచి విడదీసిన నాడీ కొసల) మీద 1987 నుంచి వాడుకలో ఉన్న పద్ధతిలో గ్లుటమేట్ డీహైడ్రోజినేజ్ ఎంజైమ్, దాని సహాయక అణువు ఎన్‌ఏడీపీ+ 1 మిల్లీమోలార్ ముందే క్యువెట్‌లో (కొలత పాత్రలో) ఉంటాయి. విడుదలైన ప్రతి గ్లుటమేట్‌కు ఒక ఎన్‌ఏడీపీహెచ్ పుడుతుంది. 340 వెలుగులో 460 దగ్గర మెరుస్తుంది. చివర 5 నానోమోల్‌ల గ్లుటమేట్ వేసి, ఆ పెరుగుదలతో మొత్తం గీతను లెక్క కట్టాలి. ఎంజైమ్ చర్యకే సెకన్లు పడుతుంది కాబట్టి అంతకంటే వేగమైన విడుదల గురించి ఈ గీత ఏమీ చెప్పదు.

గ్లుటమేట్ ఆక్సిడేజ్, పెరాక్సిడేజ్, ఆంప్లెక్స్ రెడ్ కలిపిన పద్ధతి మరింత సున్నితం; పుట్టే రెసొరూఫిన్ 585 నానోమీటర్ల దగ్గర ఎర్రగా మెరుస్తుంది. మెదడు నమూనాల్లో దీనికి రెండు శత్రువులు. ఆస్కార్బేట్ కణాల మధ్య ద్రవంలో వందల మైక్రోమోలార్ ఉంటుంది, పెరాక్సిడేజ్ చర్యను మింగేస్తుంది, గ్లుటమేట్ తక్కువ కనిపిస్తుంది. పెరాక్సైడ్ మరీ ఎక్కువైతే రెసొరూఫిన్ కూడా ఆక్సీకరణ చెంది మెరుపు పోతుంది. కనుక మెరుపు తగ్గినప్పుడు నమూనాను పది రెట్లు పలుచన చేసి చూడాలి. మెరుపు పెరిగితే గ్లుటమేట్ తక్కువై కాదు, ఎక్కువై.

కణం పొర మీదే వెలిగే ప్రొటీన్లు

మిల్లీసెకన్ల సంకేతాన్ని పట్టడానికి నమూనా తీయడమే మానుకోవాలి. ఈ.కోలై బ్యాక్టీరియా గ్లుటమేట్‌ను పట్టే ప్రొటీన్ మధ్యలో, కొసలు మార్చి కుట్టిన ఆకుపచ్చ ఫ్లోరోసెంట్ ప్రొటీన్‌ను ఇరికించి 2013లో మార్విన్, లూగర్ బృందం ఐగ్లూస్నిఫర్‌ను తయారు చేసింది. దాని జన్యువును వైరస్ ద్వారా కణాలకు ఇస్తే ప్రొటీన్ కణం బయటి ముఖం మీద నిలుస్తుంది. గ్లుటమేట్ తగిలితే ఆకారం మారి ఆకుపచ్చ మెరుపు పెరుగుతుంది. వేగాన్ని మెరుగుపరచిన రూపాలు తర్వాత వచ్చాయి. గాబాకు ఐగాబాస్నిఫర్ 2019లో, గ్లైసీన్‌కు రెండు రంగుల మధ్య శక్తి బదిలీని చదివే గ్లైఎఫ్‌ఎస్ 2018లో వచ్చాయి.

చిత్రాలు అందంగా ఉంటాయి, అక్కడే మోసపోతారు. మొదటిది, గ్లుటమేట్‌ను పట్టే ఆ బ్యాక్టీరియా ప్రొటీన్ ఆస్పార్టేట్‌నూ పడుతుంది, రెండింటినీ విడదీయదు. రెండోది, సజీవ మెదడులో రక్తనాళాలు ఉబ్బితే హిమోగ్లోబిన్ ఆకుపచ్చ కాంతిని పీల్చేస్తుంది. మెరుపు తగ్గితే గ్లుటమేట్ తగ్గిందని కాదు. మామూలు ఆకుపచ్చ ప్రొటీన్ పెట్టిన జంతువులో అదే ప్రయోగం నడిపితే ఈ తేడా తెలుస్తుంది. మూడోది ఆమ్లత్వం: ఈ ప్రొటీన్ల మెరుపు పీహెచ్‌తో మారుతుంది, సినాప్స్ చురుగ్గా ఉన్నప్పుడు సందులో పీహెచ్ కూడా మారుతుంది.

నాలుగోది లెక్కతో తేలుతుంది. కణం మీద ఐగ్లూస్నిఫర్ సగం నిండే గాఢత సుమారు 4 మైక్రోమోలార్. స్థిరస్థితి 25 నానోమోలార్ అయితే నిండేది 0.6 శాతమే. అంటే దాని అసలు మెరుపులో కనిపించేది దాదాపుగా ఖాళీ ప్రొటీన్ మెరుపే. స్థిరస్థితి గాఢత పెరిగిందో తగ్గిందో ఈ పనిముట్టు చెప్పలేదు. సంకేతం ఎంత ఎత్తుకు లేచిందో, ఎంతలో దిగిందో చెప్పగలదు. దిగే వేగాన్ని చదివేటప్పుడూ ప్రొటీన్ సొంత విడుదల వేగాన్ని తీసేసి చూడాలి. వాహకాలను టీబీఓఏ అనే నిరోధకంతో అడ్డుకున్నప్పుడు దిగుడు నెమ్మదిస్తే, చూస్తున్నది నిజంగా గ్లుటమేట్ తొలగింపేనని నమ్మవచ్చు. నెమ్మదించకపోతే చూస్తున్నది ప్రొటీన్ గ్లుటమేట్‌ను వదిలే వేగాన్ని.

ఐదో చిక్కు ప్రొటీన్ ఎంత ఎక్కువ పెట్టామన్నది. పొర మీద ఇది కిక్కిరిస్తే, విడుదలైన గ్లుటమేట్‌ను పట్టుకుని కాసేపు అట్టిపెట్టుకుంటుంది, వాహకాల పని ఆలస్యమవుతుంది, ఉన్నదానికంటే నెమ్మదైన సంకేతం కనిపిస్తుంది. వైరస్ మోతాదును సగానికి, పావుకు తగ్గించి దిగుడు వేగం మారుతుందేమో చూడాలి. మారితే, వేగం మోతాదుతో మారకుండా నిలిచే స్థాయికి దిగాక తీసిన కొలతలనే లెక్కలోకి తీసుకోవాలి, ఆ స్థాయిలో చిత్రం ఎంత మసకగా ఉన్నా సరే.